సున్నా పెట్టని వరుస

మా కాక శవం ఆరు రోజులుగా దోహాలో మార్చురీలోనే ఉంది. ఆఫీసువాళ్ళు ఆయన కాగితాలకు వేరే మనిషి పాస్‌పోర్టు పేజీ జతచేసి ఎంబసీకి పంపారు. తప్పు ఇది. ఇది చెప్పాకే ఆయన గురించి చెబుతాను.

క్యాంప్‌కు కొత్తగా వచ్చినవాళ్ళ కోసం: కాక నాకు రక్తసంబంధం కాదు. బిర్కత్ అల్ అవామిర్‌లోని ఈ లేబర్ క్యాంప్‌లో, మా గదిలో కింది మంచం ఆయనది, పైది నాది. గదిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. కడ్డీలు కట్టీ కట్టీ నడుం పోతే ఆయన్ని సైట్ ఆఫీసులో కూలీల కాగితాలు స్కాన్ చేసే పనికి కూర్చోబెట్టారు. అక్కడ మూలపడిన లినక్స్ కంప్యూటర్ మీద ఆ పని తనంతట తానే నేర్చుకున్నాడు. పదో తరగతి తప్పి, ఫోన్‌లో చూసి ముక్కలు ముక్కలుగా నేర్చుకుంటున్న నన్ను శుక్రవారాలు పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

వందల స్కాన్ ఫైళ్ళ పేర్లు ఒక్క కమాండ్‌తో మార్చేవాడు. కానీ ముందు దానికి ‘ఎకో’ అని తగిలించేవాడు. అప్పుడు కంప్యూటర్ ఏ పేరు ఏమవుతుందో తెరమీద చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. ఆ వరుసలన్నీ వేలు పెట్టి చదివేవాడు. నాకు ఒళ్ళు మండేది.

“ఇంకెంతసేపు కాకా? కొట్టు ఎంటర్!”

“నీ పెండ్లికేమన్న లేటయితుందారా? సదువు ముందు. ఒక్కోదాంట్ల ఒక్కో మనిషున్నడు.”

ఫైళ్ళ అంకెల ముందు సున్నాలు పెట్టమనేవాడు. లేకపోతే కంప్యూటర్ ఒకటి తర్వాత రెండుకు బదులు పదిని నిలబెడుతుంది. “సున్నాకు ఇలువ లేదంటరు. ముందల పెట్టి సూడు, లైన్ల ఒక్కడు జరగడు” అని నవ్వేవాడు.

ఆఖరి రోజుల్లో ఆయన గుండె నొప్పితో ఆసుపత్రిలో ఉండగా, ఆ కుర్చీలో కూర్చున్న ఆఫీసర్ పాస్‌పోర్టు స్కాన్లన్నిటికీ జాబితా ప్రకారం పేర్లు మార్చాడు. సున్నాలు లేవు, ఎకో లేదు. జాబితాలో రెండో పేరు కాకది. ఆ పేరు పదోవాడి పేజీకి పడింది. ఆ పదోవాడు మా పక్క గదిలో నిక్షేపంగా అన్నం వండుకుంటున్నాడు.

వెళ్ళి చూపిస్తే ఆఫీసర్, “సిస్టంల అట్లనే ఉంది భాయ్. యల్లా, నడువు నడువు, డ్యూటీకి పో” అన్నాడు.

ఊరి నుంచి చిన్నమ్మ, అంటే కాక భార్య, రోజూ ఫోన్ చేస్తోంది. “దుబాయోళ్ళు ఇంకెన్ని దినాలు పెట్టుకుంటరు బిడ్డా?” ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. ఫోన్ పెట్టేశాక తెలుగులో ఒక తిట్టు తిట్టినా వినే మనిషి గదిలో లేడు. పొద్దున పైనుంచి దిగుతూ “కాకా, కాళ్ళు తియ్” అనబోతున్నాను ఇప్పటికీ. కింద చుట్టిపెట్టిన పరుపు ఉంటుంది.

ఆఫీసర్‌కు చెబుతున్నా. పేర్లు మార్చకముందు ఉన్న స్కాన్ల నకలు కాక అదే కంప్యూటర్‌లో దాచి ఉంచాడు, అందులో రెండోది తీయండి. పంపేముందు పేజీ మీద ముఖం చూడండి. సరిచేసిన కాగితంతో గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు నాకు జవాబు చెప్పండి. శుక్ర, శనివారాలు మీకు సెలవు. ఆ రెండు రోజులు కూడా ఆయన్ని ఆ చలిలో పడుకోనివ్వను.