స్పీకర్లలో వినిపించిన నాటు పాట

ఈ సంగతి ఇప్పటికి ఐదుగురికి చెప్పాను. ఒక్కరూ చివరిదాకా వినలేదు. మా చెల్లె సరోజ భర్త సగంలోనే ఫోన్ తీసి చూసుకున్నాడు. నా స్పీకర్లకు తగిలించిన రిసీవర్ అమ్మిన కంపెనీకి రాస్తే, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయమని జవాబు వచ్చింది. నా సొంత బిడ్డ స్వప్న కూడా "బాపూ, జర రెస్ట్ తీసుకో" అంది. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ మధ్యలో అడ్డుపడరు.

దయ్యాలను నేను నమ్మను. హన్మకొండలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపాను. దానంతటదే వెలిగిందన్న లైటు, దానంతటదే మోగిందన్న బెల్లు ఎన్నో నా దగ్గరికి వచ్చాయి. అన్నిట్లోనూ దొరికింది లూజు కనెక్షనే.

ముందు ఒక పాత గొడవ చెప్పాలి. మాది నెక్కొండ పక్కన ఊరు. వరి నాట్లప్పుడు పాట ఎత్తుకునేది మా అమ్మే. ఆమె ఒక చరణం పాడితే, వెంట నాటే పది పన్నెండు మంది ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. సరోజ కూడా చిన్నప్పటి నుంచి అమ్మ పక్కనే నాటు వేసింది. ఒక ఏడాది టేప్‌రికార్డర్ పట్టుకుపోయి, ఒడ్డు మీద కూర్చుని ఆ పాట రికార్డు చేశాను. అమ్మ గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. అమ్మ పోయాక పెట్టి చూస్తే అందులో భజన పాటలు ఉన్నాయి.

క్యాసెట్ అంచున ఉండే చిన్న ముక్క విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. నేను విరగ్గొట్టాను. ఎవరో ఆ రంధ్రం మీద కాగితం అంటించి భజనలు ఎక్కించారు. ఆ పని నాదేనని సరోజ తేల్చేసింది. "మా అన్న అమ్మ గొంతు చెరిపేసిండు" అని పెళ్ళిళ్ళలో, దినాల్లో, నలుగురు కూర్చున్న ప్రతిచోటా చెప్పింది. ఎక్కడెక్కడ అన్నదో నాకు గుర్తుంది. విని ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది.

పోయిన వానాకాలంలో స్వప్న నా క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నా పాత ఆంప్లిఫయర్ వెనక చిన్న రిసీవర్ తగిలించింది. ఇప్పుడు ఫోన్‌లో పాట నొక్కితే వైఫై మీద వచ్చి ఆ పెద్ద స్పీకర్లలో మోగుతుంది. పాట నడుస్తుంటే రిసీవర్ మీద నీలం లైటు, ఏమీ నడవకపోతే ఎరుపు.

సరోజ తొర్రూరు నుంచి మోకాళ్ళ నొప్పులకు దవాఖానకు వచ్చింది. నా భార్య లక్ష్మి పట్టుబడితే మా ఇంట్లో అన్నం తిన్నది. మా గడప తొక్కి అప్పటికి నాలుగేళ్ళు. తిన్నాక చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. మధ్యాహ్నం రెండున్నర. ఫోన్‌లో క్యాసెట్ల జాబితా తీసి చూపించాను.

"అన్ని దాచిపెట్టిన, చూడు. ఒక్కటి పారెయ్యలే."

"అన్ని దాచినవే. దాచాల్సింది ఒక్కటి తప్ప," అంది తల ఎత్తకుండా.

నేను ఏదో హార్మోనియం వాయించిన పాట పెట్టాను. అది అయిపోయింది. కాసేపు క్యాసెట్ తిరిగేటప్పుడు వచ్చే సన్నని బుస. తర్వాత మా అమ్మ గొంతు. ఒక చరణం పాడి ఆగింది.

సరోజ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. మడిలో వంగి ఉన్నట్టే, అలవాటుగా అందుకుంది. అమ్మ రెండో చరణం పాడింది. సరోజ అందుకుంది. అమ్మ మూడో చరణం పాడి ఆగింది. సరోజ అందుకోలేకపోయింది. పాట ముందుకు కదల్లేదు. నేను గోడ గడియారం చూశాను. నలభై సెకన్లు. బుస వినిపిస్తూనే ఉంది. సరోజ తేరుకుని ఆ చరణం పలికింది. అప్పుడు అమ్మ నాలుగోది ఎత్తుకుంది.

ఫోన్ చూశాను. ఏ పాటా నడవడం లేదు. రిసీవర్ మీద లైటు ఎర్రగా ఉంది.

ఐదో చరణం తర్వాత ఏమీ రాలేదు. సరోజ లేచి ముఖం కడుక్కుంది. "అన్నా, బస్సు యాళ్ళయితాంది, పోతాన" అని చెప్పులు వేసుకుంది. చిక్కుడుకాయలు సగమే అయ్యాయి.

తర్వాత పన్నెండు రోజులు కూర్చుని కంప్యూటర్‌లోని ప్రతి పాటా చివరిదాకా విన్నాను. అమ్మ లేదు. రిసీవర్ విప్పాను, ఆంప్లిఫయర్ విప్పాను, అన్ని తీగలూ గట్టిగానే ఉన్నాయి. పై వాటా వాళ్ళ ఫోన్ కలిసిందేమో అనుకున్నాను. వాళ్ళు ఆ రోజు ఊళ్ళోనే లేరు, పైగా వాళ్ళకు మా అమ్మ పాట ఎక్కడిది? పాత టేపు ఎక్కడో మిగిలిందనుకున్నా, అందులో పది మంది అందుకోవడం వినిపించాలి. రికార్డు చేసింది నేను. ఆ టేపులో ఎక్కడా ఖాళీ లేదు. ఏ టేపూ మనిషి కోసం ఆగదు.

ఆ పాట వచ్చినప్పుడు పెరట్లో గిన్నెలు తోముతున్న లక్ష్మిని అడిగాను. "సరోజ ఒక్కతే పాడుకుంటాందనుకున్న" అంది. ఇంకో గొంతు వినలేదట.

అంటే విన్నది మేమిద్దరమే. సరోజ నా ఫోన్ ఎత్తడం లేదు. భర్తతో మాత్రం, అన్న ఇంట్లో పాత పాటలు విన్నానని చెప్పిందట. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సరోజా, నీ ఇంట్లో ఎవరో ఒకరు ఇది చదివి వినిపిస్తారని రాస్తున్నా. టేపు నేనే చెరిపిన అని పదిమంది ముంగట ఒప్పుకుంటా. తొర్రూరుకే వచ్చి, నీ వాకిట్ల నిలబడి చెప్తా. ఇన్నేళ్ళు ఒప్పుకోలే, ఇప్పుడు ఒప్పుకుంటా. నువ్వు ఒక్కటి చెప్పు. ఆ మధ్యాహ్నం నువ్వు ఎవరి పాట అందుకున్నవు?