నర్సవ్వ బండ్ల దొడ్డి

నిన్న పొద్దున కామారెడ్డిలో మా సందు మలుపు దగ్గర ఎవరింట్లోనో ఉలవలు ఉడుకుతున్నాయి. ఆ మట్టివాసన, ఆ వేడి ఆవిరి ముఖానికి తగలగానే నా భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. నడుము వదులైంది. సంగతేమిటో నాకు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. ఒంటికి మాత్రం ముందే తెలిసిపోయింది. ఎల్లారెడ్డిలో నర్సవ్వ దొడ్డి, మధ్యాహ్నపు ఎండ, పొయ్యి మీద ఎద్దులకు ఉలవల గుండిగ. ఇప్పుడు అక్కడ దొడ్డీ లేదు, నర్సవ్వా లేదు.

అటువైపు నన్ను ఎరిగినవాళ్లు నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. బండి బోల్తాపడి మంచానపడ్డవాడు, మేనమామ వాతలు పెడితే లేచి నడిచాడని. బండి బోల్తాపడ్డది నిజం. మామ వాతలు పెట్టింది నిజం. నేను లేచి నడిచిందీ నిజమే. ఆ కథలో ఉండవలసిన ఒక మనిషి లేదు. ఆమెను తీసేసింది నేనే.

నర్సవ్వ భర్త పోయాక బండ్లు అమ్మేయమని అందరూ చెప్పారట. ఆమె అమ్మలేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి స్టేషనుకు బెల్లం, చింతపండు పంపేది. తిరుగు ప్రయాణంలో ఉప్పు, దీపాలకు గాసునూనె వచ్చేవి. అవి నిజాం పాలన రోజులు. స్టేషనులో కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. నాకు ఉర్దూ చదవడం వచ్చు కనుక బండ్ల వెంట పోయే పనికి పెట్టుకుంది. చుట్ట తాగేది, బండివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేది, తిట్టినవాడికే ముందు అన్నం పెట్టేది. నాకప్పుడు ఇరవై నిండలేదు. ఆమెను నేను అవ్వా అనేవాణ్ణి. ఆమె నన్ను రాజిగా అనేది.

లింగంపేట దాటాక అడవిలో బండ్లబాట పల్లానికి వాలే దిగుడు ఒకటి ఉంది. ఒకరోజు అక్కడ ఇరుసు సీల ఊడి చక్రం పక్కకు పోయింది. బెల్లం దిమ్మలతో పాటు నేనూ దొర్లాను. బండికి కట్టిన ఎర్ర ఎద్దు కాడి కింద మెడ మెలిపడి చాలాసేపు అరిచింది. నాకు నడుం ఎముక చిట్లింది. కొన్ని నెలలకు కామారెడ్డి దవాఖానాలో డాక్టరు నొక్కి చూసి, ఎముక అతుక్కుంది, ఇక నడువు అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. అయినా నొప్పి పోలేదు. కాలు కింద పెట్టకముందే వచ్చేది. వీధిలో బండి చక్రం కిర్రుమంటే చాలు, నడుమంతా కట్టెలా బిగిసేది. పక్కకు తిరగాలంటే భయం. తిరగకుండా పడుకుంటే ఇంకా నొప్పి.

చూడడానికి వచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని నొప్పి ఎట్లున్నదని అడిగేవారు. అడిగి, తమకు తెలిసిన కుంటివాడి కథ ఒకటి చెప్పేవారు. ఏడాది తిరిగినా నేను లేవకపోతే అమ్మ తన తమ్ముణ్ణి పిలిచింది. మా మామకు వాతలు పెట్టడంలో పేరుంది. ఇద్దరు నన్ను బోర్లా పట్టుకుంటే కొడవలి మొన కాల్చి నడుం మీద వాతలు పెట్టాడు. మామ చెడ్డవాడు కాదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే కాల్చాడు. ఆ తర్వాత నాకు మనుషుల అడుగుల చప్పుడన్నా భయమే. ఎవరు గడప దాటినా ఒళ్లంతా ముడుచుకునేది.

అట్లాంటి రోజుల్లో నర్సవ్వ మా ఇంటికి వచ్చింది. నొప్పి సంగతి అడగలేదు. పగటిపూట నన్ను దొడ్డికి పంపమని అమ్మతో చెప్పింది. అమ్మ ఎందుకంది.

"ఈడ పండుకున్నా మంచమే, ఆడ పండుకున్నా మంచమే. ఆడైతే ఎర్రోనికి తోడుంటడు," అంది నర్సవ్వ.

బండివాళ్లు మంచంతో సహా నన్ను మోసుకుపోయారు. ఎర్రోడంటే నాతో పాటు పడిన ఎద్దు. దాని మెడ మానింది కాని, చక్రం చప్పుడు వింటే వణికిపోయేది. కాడి చూస్తే వెనక్కి నడిచేది. కసాయికి అమ్మేయమన్నవాళ్లను నర్సవ్వ దొడ్లోకి రానివ్వలేదు. నా మంచాన్ని గడ్డివాము పక్కన, ఎర్రోడికి ఎదురుగా వేయించింది. వచ్చేపోయేవాళ్లకు ఒకటే ఆంక్ష పెట్టింది. ఈ దొడ్లో నొప్పి మాట ఎత్తకూడదు. నన్ను ఏదైనా అడగాలనుకుంటే, పానం నిమ్మళంగ ఉన్నదా అని అడగాలి. మొదట నాకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. ఏడాదిగా నన్నెవరూ అట్లా అడగలేదు. జవాబు చెప్పడానికి ఒళ్లంతా వెతుక్కోవలసి వచ్చేది. అట్లా వెతికితే ఎక్కడో ఒకచోట, అరచేతిలోనో మోకాలి కిందనో, నిమ్మళంగా ఉన్న జాగ ఒకటి దొరికేది.

ఆ మధ్యాహ్నాలను ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా, కలలో చూశానా అనిపిస్తుంది. పాక సందుల్లోంచి పడే ఎండ నెమ్మదిగా గడ్డి మీదుగా జరిగేది. ఉలవల ఆవిరి కప్పు దాకా లేచి అక్కడే తేలుతుండేది. ఎర్రోడి నెమరు చప్పుడు వింటూ వింటూ నా ఊపిరి కూడా దానితో కలిసిపోయేది. దూరంగా వరిమళ్లలో ఎవరో ఎవరినో పిలిచేవారు, ఆ పిలుపు మధ్యలోనే మాసిపోయేది. నేను నిద్రలో లేను, మెలకువగానూ లేను. నొప్పి ఉండేది. అది నా మీద కూర్చున్నట్టు కాక, దొడ్లో ఒక మూలకు కట్టేసి ఉన్నట్టుండేది.

ఎర్రోడితో నర్సవ్వ చేసిందంతా నేను మంచం మీది నుంచి చూశాను. మొదట కాడిని గోడకు ఆనించి ఊరకే ఉంచింది. దానికి కాస్త దూరంలో ఉలవలు పెట్టింది. చాలా రోజులు అంతే. తర్వాత ఒక చక్రం తెప్పించి పెట్టింది. కొన్నాళ్లకు బండివాడు ఆ చక్రాన్ని మెల్లగా తిప్పేవాడు. ఎర్రోడి చెవులు వెనక్కి వాలగానే ఆపమనేది, గంగడోలు నిమిరేది, మళ్లీ ఉలవలు. బండివాళ్లు నవ్వుకునేవారు. రెండు దెబ్బలేస్తే సాయంత్రానికి బండి లాగుతుందని వాళ్ల మాట. నేనూ ఒకసారి అడిగాను, వణికేదాకా చూడకుండా ముందే ఎందుకు ఆపిస్తావని.

"వణికినంక ఆపితే ఏమైతది? వణికినందుకే పానం దక్కిందనుకుంటది. రేపు ఇంకా జల్ది వణుకుతది. భయం రాకముందే ఆగాలె. అప్పుడు దానికి తెలుస్తది, ఈడేం కాదని."

చుట్ట వెలిగించి నా వైపు చూసింది.

"నీక్కూడ గదే చెప్తున్న. లేచి నడువు. నొప్పి రాకముందే కూసో. నొప్పి వచ్చినంక కూసునుడు కాదు."

అట్లా నేను మంచం నుంచి గడ్డివాము దాకా, గడ్డివాము నుంచి పొయ్యి దాకా నడిచాను. ఇంకాస్త నడవగలనని తెలిసీ కూర్చునేవాణ్ణి. అదే కష్టంగా ఉండేది. ఒక మంచిరోజున ఒళ్లు తేలిగ్గా ఉందని ఉత్సాహంతో వాగు దాకా పోయి, తిరిగి రాలేక గట్టు మీద పడిపోయాను. ఎముక మళ్లీ విరిగిందని ఏడ్చాను. నర్సవ్వ వచ్చి పక్కన కూర్చుంది. లేపలేదు, ఎవరినీ పిలవలేదు. వాగులో నీళ్లు సన్నగా పోతున్నాయి. కొంతసేపటికి అంది:

"వచ్చింది. రానీ. వచ్చింది పోతది గూడ. మనమైతే ఉరుకొద్దు."

చీకటి పడకముందే లేచి మెల్లగా నడిచి ఇల్లు చేరాం. దారిలో ఆమె ఇంకో మాట అంది, నాకన్నా ఎర్రోడే నయమని, ఉలవలు తిన్నాక మూలగడని. ఏడాదిన్నర తర్వాత నేను నవ్వింది అప్పుడే.

ఇదంతా జాలితో చేశావా అవ్వా అని ఒకనాడు అడిగితే, బెల్లం కాలానికి తనకొక ఎద్దూ ఒక ఉర్దూ చదివేవాడూ కావాలంది. ఆ మాటలో ఎంత నిజముందో నాకు నేటికీ తెలియదు. బెల్లం కాలం వచ్చేసరికి ఎర్రోడు ఖాళీ బండి లాగుతున్నాడు. ఆ బండిలో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. లింగంపేట దాటాక దిగుడు వచ్చేముందు నర్సవ్వ బండి ఆపించింది. మంచు పడుతోంది, చెట్లు నీళ్లలో నిలబడ్డట్టు కనిపిస్తున్నాయి. ఎర్రోడు చెవులు ఆడించాడు. నా నడుము బిగిసింది. ఎర్రోడూ నేనూ కాసేపు ఏమీ చేయకుండా ఉన్నాం. తర్వాత ఎవరూ అదిలించకుండానే అది దిగడం మొదలుపెట్టింది. నేను ఆకాశం చూస్తూ దిగాను. కింద వాగు దగ్గరికి వచ్చాక గాని, దిగుడు దాటిపోయిందని నాకు తెలియలేదు.

ఆ మరుసటి వేసవిలో మామ కూతురితో నా పెండ్లి. పందిట్లో భోజనాల వేళ మామ నా అంగీ పైకెత్తి అందరికీ నా వీపు చూపించాడు.

"సూడుండ్రి, నా చేతి పని. నిజమేనా అల్లుడా?"

"నిజమే మామా," అన్నాను.

ఆడవాళ్ల వరుసలో నర్సవ్వ కూర్చుని ఉంది. తల ఎత్తకుండా విస్తరిలో అన్నం పూర్తిచేసి వెళ్లింది. మర్నాడు దొడ్లో కనిపించినప్పుడు, పెండ్లినాడు మామ మాట తీసెయ్యరాదు, గది సరే అంది. రేపు ఎవరైనా నిజంగా అడిగితే ఏం చెప్తావని మాత్రం అడిగింది. నేను నవ్వేశాను.

అడిగేవాళ్లు వచ్చారు. అప్పుడప్పుడే కాలువ నీళ్లు చూసిన మహమ్మద్‌నగర్ నుంచి ఒకతను తన చెల్లెలిని తీసుకొచ్చాడు. పేరు బాలవ్వ. నాట్లు వేస్తూ గట్టు మీద జారిపడిందట. దెబ్బ మాని చాలాకాలమైనా నడుం నొప్పితో వంగలేకపోతోంది. మామ నన్ను పిలిపించాడు. వాతల మచ్చలు చూపించమన్నాడు. ఆ అమ్మాయి నా వీపు చూసి, తర్వాత నా ముఖం చూసి, నిజంగా దీంతోనే తగ్గిందా అన్నా అని అడిగింది. మామ కూతురు, నా భార్య, తలుపు దగ్గర నిలబడి ఉంది. మామ కొడవలి నిప్పులో ఉంది. తగ్గిందన్నాను. నేను వీధి చివరికి పోయేదాకా బాలవ్వ అరుపు వినిపిస్తూనే ఉంది.

తర్వాత ఆమె మంచానపడిందని తెలిసి నర్సవ్వ బండి పంపి ఆమెను దొడ్డికి రప్పించుకుంది. కాని ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదట. నర్సవ్వ మా ఇంటికి వచ్చి గడప బయటే నిలబడింది.

"ఆ పిల్ల నా మాట నమ్ముతలేదు. వాతలతోనే తగ్గుతదనుకుంటున్నది, ఇంకిన్ని పెట్టుమంటున్నది. నువ్వొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు రాజిగా. ఒక్క మాట."

రేపు వస్తానన్నాను. పోలేదు. పోతే మామకు తెలుస్తుంది. కొన్నాళ్లకు బాలవ్వ అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. నేను కామారెడ్డి స్టేషనులో సరుకుల గుమాస్తాగా చేరి ఊరు వదిలాను. యుద్ధపు రోజుల్లో, జ్వరాలు వచ్చిన ఏట, నర్సవ్వ పోయింది. నేను వెళ్లేసరికి దొడ్లో గడ్డి కూడా లేదు.

పోయిన ఏడు మామ పోయాక నేను మహమ్మద్‌నగర్ వెళ్లాను. బాలవ్వ కర్ర పట్టుకుని నడుస్తోంది. నేనెవరో చెప్పనవసరం లేకపోయింది. జరిగిందంతా చెప్పాను. ఆమె చాటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూనే విన్నది.

"నాకిప్పుడెందుకు చెప్తున్నవ్ అన్నా? కాల్చేటోళ్లు ఇంకా కాలుస్తనే ఉన్నరు. పోయి ఆడ చెప్పు."

ఆమె చెప్పింది మా మామ కొడుకు గురించి. తండ్రి కొడవలి ఇప్పుడు అతని చేతిలో ఉంది, నా కథ అతని నోట్లో ఉంది. అప్పటి నుంచి అంగడి రోజున కామారెడ్డి నుంచి బస్సెక్కి ఎల్లారెడ్డి పోయి వాళ్ల అరుగు మీద కూర్చుంటున్నాను. బావమరిది నాతో మాట్లాడడం లేదు. మా ఆవిడ మొదట ఏడ్చింది, ఇప్పుడు సద్ది కట్టి ఇస్తోంది. నొప్పితో వచ్చినవాళ్లను పక్కన కూర్చోమంటాను. ఇవి నన్ను బాగుచెయ్యలేదు అని మచ్చలు చూపిస్తాను. నన్ను లేపిన ఆమె పేరు చెప్తాను. కొందరు వింటారు. ఎక్కువమంది లోపలికే పోతారు. లోపలి నుంచి అరుపు వినిపించినప్పుడు లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లను. బయటికి వచ్చేటప్పుడు వాళ్లకు ఆనుకోవడానికి ఒక భుజం కావాలి.