కూర్మమ్మా, దుబాసీగారి మేడా

కళింగపట్నానికి కాస్త ఎగువన సముద్రపు ఒడ్డున పాతరేవు అనే చిన్న ఊరుంది. అక్కడ చేపలమ్మే కూర్మమ్మ గొంతు వినబడని రోజు లేదు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక కూతురు రాణిని ఒంటిచేత్తో పెంచి పెళ్ళి చేసిన మనిషి. ఆమెతో బేరమాడి నెగ్గినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలోనే లేరు.

ఆ రాణి పుట్టింది దుబాసీగారి మేడలో. రేవుకు ఓడలొచ్చే రోజుల్లో పరదేశపువాళ్ళ మాటలు ఇక్కడి వర్తకులకు విప్పిచెప్పే దుబాసీ ఒకాయన కట్టించుకున్న ఇల్లది. కూర్మమ్మ నెలలు నిండి ఉండగా పెద్ద తుఫాను పట్టింది. ఒడ్డున పాకలన్నీ ఎగిరిపోయాయి. ఊరు ఊరంతా ఆ మేడలో దూరింది. బయట తాటిచెట్లు విరిగిపడుతుంటే, లోపల వెనకగదిలో అత్త చేతుల్లోకి రాణి వచ్చి పడింది. గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే 2018లో తిత్లీ తుఫాను ఆ మేడ పైకప్పు సగం లేపేసిందని తెలియగానే, కూర్మమ్మ తన ఇంటి రేకుల సంగతి వదిలేసి అటు పరుగెత్తింది.

మరుసటి వేసవిలో, పాత కట్టడాల బాగోగులు చూసే సర్కారు ఆఫీసు నుంచి విశాలి అనే అధికారిణి వచ్చింది. టేపు పట్టి గోడలు కొలుస్తుంటే కూర్మమ్మ వెంటపడింది.

"ఏటమ్మా, పడగొట్టీస్తారేటి?"

"లేదమ్మా, బాగుచెయ్యడానికే. ప్రభుత్వం నిధులిస్తుంది. కాని ఇల్లు ఊరి వాడకానికి ఇస్తానని సొంతదారు ఒప్పుకోవాలి. ఆయనేమో రిసార్టువాళ్ళకు అమ్మేస్తానంటున్నారు. వాళ్ళయితే పడగొట్టే కడతారు."

మర్నాడు కూర్మమ్మ చేపల జోలికి పోలేదు. తలంటుకుని, రాణి పెళ్ళినాటి చీర కట్టుకుని రాజాం బస్సెక్కింది. సొంతదారు లక్ష్మీనరసింహంగారు దుబాసీకి మునిమనవడు, అక్కడ కాలేజీలో లెక్చరరు. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"నేనా ఇంట్లో ఒక్కరోజైనా ఉండలేదమ్మా. పడిపోతున్న కొంప. నాకేం మమకారం ఉంటుంది చెప్పు?"

"మీకు నేకపోతే పోనీండి బాబూ, మాకున్నాది. నా కూతుర్ని మీ ఇంట్లోనే కన్నాను. అది నాకు పురిటిల్లు. అమ్మీసే ముందల ఒక్కపాలి వచ్చి సూడండి. ఆనక మీ ఇష్టం."

ఆయన ఏదో అనబోయేలోగా లోపలినుంచి భార్య లక్ష్మీకామేశ్వరి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది.

"పురిటిల్లంటోంది కదండీ. ఆదివారం వెళ్దాం. నేనూ చూడలేదు."

ఆదివారం వాళ్ళు కారు దిగేసరికి మేడ నిండా జనం. విశాలి కూడా వచ్చింది. చావడి మధ్యలో, కప్పు ఎగిరిపోయిన చోట ఎండ నేరుగా నేలమీద పడుతోంది. లక్ష్మీనరసింహంగారు తల తిప్పి చుట్టూ చూశాడు.

"ఇంతమంది ఎందుకొచ్చారు?"

కూర్మమ్మ జనం వైపు తిరిగింది. "ఒరే, రాణి పుట్టిన తుపానప్పుడు ఈ ఇంట్లో తలదాసుకున్నోల్లు సేతులెత్తండి!"

ముసలీ ముతకా, వలలల్లేవాళ్ళూ, చేపలెండబెట్టే ఆడవాళ్ళూ చేతులెత్తారు.

"తల్లి కడుపులో ఉన్నోల్లూ ఎత్తండర్రా!"

ఘొల్లుమని నవ్వులు. పడవలమీద పోయే కుర్రాళ్ళు లేపారు. రాణి రెండు చేతులూ ఎత్తేసింది.

లక్ష్మీనరసింహంగారు రాణి పుట్టిన గది ఏదని అడిగాడు. వెనకగదిలోకి వెళ్ళి గోడమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. బయటికొచ్చాక విశాలితో, "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడు. ఆ తరువాత ఎవరేమన్నారో ఎవరికీ వినపడలేదు, అంత గోల.

ఇక డబ్బుకోసం ఎదురుచూపు. వారంవారం కూర్మమ్మ ఫోన్ చేసేది. ఆమె నోరు విప్పకముందే, "ఇంకా రాలేదు కూర్మమ్మా" అనేది విశాలి. వానలు దగ్గరపడుతున్నాయి. గోడలు తడిసి నానిపోతాయేమోనని కూర్మమ్మకు ఒకటే బెంగ.

ఒకరోజు ఇసుకలో చేపలు ఆరబెడుతుండగా ఫోన్ మోగింది. ఈసారి విశాలే చేసింది.

"మంజూరైంది కూర్మమ్మా!"

కూర్మమ్మ చేపల్ని కాకులకొదిలేసి ఒడ్డమ్మట పరుగు తీసింది.

"ఒలే రాణీ! వచ్చీసినాయే! గవర్నమెంటోల్లు ఇచ్చీసినారు!"

వేట మానిన నెలలకిచ్చే సాయం వచ్చిందేమోనని మగవాళ్ళంతా వలలు వదిలేసి ఉరికారు. సంగతి విని వాళ్ళలో ముందున్న అప్పలసూరి మొహం వేలాడేశాడు.

"మనకి కాదేటి?"

"మేడకిరా!"

అతను బుర్ర గోక్కుని నవ్వేశాడు. "మేడకంటే మనకే కదే!" అంటూ భుజాన ఉన్న తువ్వాలు గాల్లోకి విసిరాడు.

పని మొదలైన రోజు ఊళ్ళో తీర్థంలా ఉంది. పాతకాలపు పద్ధతిలో ఎద్దులు గానుగ తిప్పి సున్నం రుబ్బుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. మొదటి తట్ట తానే పైకి చేరుస్తానంది కూర్మమ్మ. మేస్త్రీ వద్దన్నా వింటేనా? కొంగు బిగించి, కొత్త వెదురు నిచ్చెన చకచకా ఎక్కేసింది. తట్ట అందించి, నిలబడి సముద్రం వైపు చూసింది. కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ లక్ష్మీకామేశ్వరిని చూసి కేకేసింది.

"అమ్మగారూ, ఎక్కి రండి! సముద్రం ఎంత దూరం కనిపిస్తన్నాదో సూద్దురుగాని!"

లక్ష్మీకామేశ్వరి మొగుడి మొహంకేసి చూడనైనా చూడలేదు. గొడుగు ఆయన చేతిలో పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిచ్చెన మొదటి మెట్టుమీద కాలు పెట్టింది.