నున్నటి తీగల కోసం

ఆ రోజుల్ల నాకు ఇరవై రెండేండ్లు. తనకు రాని విద్యకు పనిముట్లే కారణమని మనిషి గట్టిగ నమ్మే వయసది. నేనూ నమ్మిన. కోరుట్లల పెండ్లిళ్లకు పాటలు పాడే ఒక ఆర్కెస్ట్రాల పాట కింద దుమ్ దుమ్మని నడిచే బేస్ గిటార్ వాయించేటోన్ని (నాలుగే తీగలు, జల్ది నేర్చుకోవచ్చని ఎంచుకున్న). వేళ్లు జరిపినప్పుడల్లా ఆ గరుకు తీగలు స్పీకర్ల కీచుమనేటియి. ఒక రిసెప్షన్ల పెండ్లిపిల్ల నాయినమ్మ పాట నడుమ, "స్టేజి కింద ఉడుత ఇర్కినట్టుంది, జర చూడుండ్రి" అన్నది. ఇద్దరు వంగి చూసిండ్రు కూడ. మా కీబోర్డు మాస్టర్ నన్ను పక్కకు పిలిచి, "వచ్చే ఆదివారం సిరిసిల్లల ప్రోగ్రాం. గా సప్పుడు మళ్ల ఇనవడితె గిటార్ గుంజుకొని చేతికి గిలక్కాయ ఇస్త" అన్నడు.

రెండు రోజులు ఫోన్ల వీడియోలు చూసి రోగం కనిపెట్టిన. మామూలు తీగకు గుండ్రటి వైరు చుడతరు, అందుకే గరుకు. ఫ్లాట్‌వౌండ్ తీగకు సాపు పట్టీలాంటి వైరు చుడతరు. వేలు జారినా కీచుమనదు, మోత మెత్తగుంటది. జగిత్యాలల హార్మోనియాలు బాగుచేసే దుకాణపాయనను "ఫ్లాట్ కావాలె" అని అడిగితె, తలెత్తకుంటనే "రియలెస్టేటు ఆఫీసు పక్క గల్లిల తమ్మీ" అన్నడు. ఆఖరికి దుబాయిల ఉన్న మా బావకు ఫోన్ చేసి గంటసేపు వివరించిన. ఆయన ఓపిగ్గ ఇని, "అంటే సప్పుడు రానియి కావాలె, అంతేనా?" అన్నడు. (నాకన్నా ఆయనకే బాగ సమజైందని తర్వాత తెలిసింది.) రాయికల్‌కు వస్తున్న దోస్తుతోని శుక్రవారానికల్లా పంపిచ్చిండు.

ఆదివారం మధ్యాహ్నం సిరిసిల్లల, మరమగ్గాల సేటు ఇంట్ల పెండ్లి. వేళ్లు పట్టు మీద జారినట్టే జారినయి. కీచు లేదు. మాస్టర్ నా దిక్కు చూసి చెయ్యి పైకి ఊపిండు. మెచ్చుకుంటున్నడనుకొని కండ్లు మూసుకొని ఇంకింత మెత్తగ వాయించిన (సౌండు పెంచుమన్నడట). మూడో పాట అయినంక దగ్గరికొచ్చి, "ఇయ్యాల వాయిస్తలేవేంది?" అన్నడు.

"వాయిస్తున్న మాస్టర్."

"ఎవలికి?"

రోషమొచ్చింది. నాలుగో పాట నడుమ నిజంగనే చేతులు తీసేసిన. ఎగురుతున్న పెండ్లికొడుకు మేనమామలు ఒక్కసారి ఆగి, చెప్పులు తెగినయా అన్నట్టు కాళ్ల దిక్కు చూసుకున్నరు. డ్రమ్ములాయన తడబడ్డడు. ముందు కుర్చీల కూసున్న తంగళ్ళపల్లి పెద్దమనిషి, మగ్గాలు నడిపేటాయన, పక్కాయనతోని "మోటరేదో బందైంది" అన్నడు. మాస్టర్ నన్ను చూసిండు. "వాయించు" అన్నడు. వాయించిన. మామలు మళ్ల ఎగిరిండ్రు.

ఆ దినం నాకు సగం గర్వం, సగం అవమానం. అంత తండ్లాడింది అందరికి ఇనవడాలనాయె, చేతులు తీసినంకనే నేనున్నట్టు తెలిసె! ఇప్పుడు జగిత్యాలల ఒక ఆఫీసుల పని చేస్తున్న. ఏండ్ల సంది ఏ మీటింగుల గూడ నా పేరు ఎవలూ ఎత్తలేదు. మొన్న జరమొచ్చి రెండు రోజులు ఇంట్ల ఉంటె మాత్రం ఫోన్ల మీద ఫోన్లు: "సార్, గా ఫైలు ఏడున్నది? గీ పని ఎట్ల చేస్తరు?" మంచంల పండుకొనే అన్ని చెప్పిన. మా ఆమె కషాయం తెచ్చి, "జరంల నవ్వుతున్నవేంది?" అని నొసలు మీద చెయ్యి పెట్టి చూసింది.