తొమ్మిది వందల ఎర్ర చీరలు

ఐదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క ముక్క. ఫోన్‌లో అనేశాను, అంతే. దించుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఎవరితో చెప్పను? ఇంట్లో చెబితే నాన్న ముఖం చూడలేను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను. అందుకే మీతో చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

సూరత్‌లో చీరలు అమ్మే ఒక కంపెనీలో నాది వెబ్‌సైట్ పని. నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు పవర్‌లూమ్ నడిపాడు. నేను ఇదే ఊళ్ళో, డిండోలిలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజార్లో గుజరాతీ. తెలంగాణ గిరాకీ కోసం సైటుకు తెలుగు పేజీలు పెట్టారు కాబట్టే నాకా ఉద్యోగం దొరికింది.

ఒకరోజు మా సేఠ్ పిలిచి, చూపులేనివాళ్ళు కూడా మన సైటులో చీరలు కొనుక్కునేలా చేయాలన్నాడు. వాళ్ళ ఫోన్ తెర మీదున్న అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. ఫోటోను మాత్రం చదవలేదు. అందుకని ప్రతి ఫోటో వెనకా అదేం చీరో మాటల్లో రాసిపెట్టాలి. చూసేవాళ్ళకు ఆ మాటలు కనపడవు, వినేవాళ్ళకు వినపడతాయి. సూరత్‌లో చీరకు పేరుండదు, డిజైన్ నంబరే. నాలుగువేల పదిహేడు అంటే రంగేమిటో మీకేం తెలుస్తుంది? నేను రాసే ఆ నాలుగు మాటలే వాళ్ళకు ఆధారం.

చీరలు తొమ్మిది వందలు. గడువు నాలుగు రోజులు. మొదటిదానికి ఎంతో శ్రద్ధగా రాశాను: ‘ఎర్ర చీర, బంగారు జరీ అంచు.’ రెండోదానికి వచ్చేసరికే విసుగు పుట్టింది. సైటును తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఫోటో వెనక ఖాళీగా ఉంటే తప్పు గుర్తు పెడుతుంది, ఏదో ఒకటి రాసి ఉంటే పచ్చ టిక్కు పెడుతుంది. ఏం రాశామో దానికి అక్కర్లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మొదటి చీర మాటలనే తొమ్మిది వందల చీరలకూ అతికించేశాను. సాయంత్రం చాయ్ రాకముందే పని ముగిసింది. ఎక్కడ చూసినా పచ్చ టిక్కులే! సేఠ్ మురిసిపోయి ఆఫీసంతటికీ ఘారీలు తెప్పించాడు. నెయ్యి కారుతున్న మిఠాయి. రెండు తిన్నాను, సిగ్గులేనిదాన్ని.

ఎవరు వింటారులే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక వినేవాళ్ళు ఉంటారన్న ఆలోచననే దగ్గరికి రానివ్వలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

వినేవాళ్ళు ఉన్నారు. సద్దుల బతుకమ్మకు ముందురోజు కంపెనీకి ఫోన్ వచ్చింది. నేనే తీశాను. అవతల ఒకావిడ హిందీలో మొదలుపెట్టింది. నా హిందీ యాసను బట్టి తెలుగుదాన్నని పట్టేసింది.

“తెలుగు పిల్లవేనా బిడ్డా? అబ్బ, పానం లేచొచ్చింది! నేను బమ్రోలి సుగుణను. నాకు కండ్లు కనవడవు. బతుకమ్మకు మా గల్లీ ఆడోళ్ళందరికి ఒక్కతీరు ఎర్ర చీరలు తెప్పిస్తనని ఒప్పుకున్న. ఒక్కో నంబరుకు ఒక్కటే చీర ఉన్నదంటే పన్నెండు నంబర్లు తీస్కున్న. ఏది పట్టుకున్నా ఎర్రదే అంటున్నది ఫోన్, ఎర్ర చీరల దుకానమేమో అనుకున్న! ఇప్పుడు ఇప్పి చూస్తె పన్నెండు రంగులంటున్నరు. ఏందిది, జర చెప్పు బిడ్డా.”

సేఠ్ నా వెనకే నిలబడి ఉన్నాడు. “మా దగ్గర అంతా సరిగ్గనే ఉంది అక్కా,” అన్నాను. “మీ ఫోనే తప్పు చదువుతున్నట్టుంది.”

ఆమె ఫోన్‌ను అరచేత్తో తట్టిన చప్పుడు వినపడింది.

“అట్లనా? పాతదైంది తియ్యి. నేనేమో నిన్ను అడుగుతున్న. ఏమనుకోకు బిడ్డా.”

నన్ను ఏమనుకోవద్దంది! నన్ను!

మర్నాడు అమ్మ నన్ను మా ఊళ్ళోనే ఉన్న బమ్రోలిలో చిన్నమ్మ వాళ్ళ గల్లీకి బతుకమ్మ ఆడటానికి తీసుకెళ్ళింది. అక్కడ పన్నెండు రంగుల చీరలు తిరుగుతున్నాయి. మధ్యలో, చిన్నమ్మ భుజం మీద చెయ్యేసి చప్పట్లకు లయగా అడుగులేస్తున్న మనిషి సుగుణక్క. గొంతు వినగానే పోల్చుకున్నాను. ఎవరో నవ్వుతూనే అన్నారు, “కండ్లు లేనామెకు అప్పజెప్తె గిట్లనే అయితది.” ఆమె ఊరుకోలేదు. “తప్పు నాది కాదే, నా ఫోన్‌ది. కంపెనీ పిల్లనే చెప్పింది!” ఆ కంపెనీ పిల్ల మూడడుగుల దూరంలో ఉంది. అందరూ పాట పాడుతున్నారు, నేను ఒట్టి చప్పట్లే కొట్టాను. గొంతు కలిపితే గుర్తుపడుతుందని భయం.

అప్పుడు సుగుణక్క అడిగింది, “ఇంతకూ నా మీదున్నది ఏ రంగే?” ఒకామె వంకాయ అంది, ఒకామె నేరేడు అంది, ఇంకొకామె రెండూ కాదు ఉల్లిపొర అంది. దాని మీద ఎంత గొడవ, ఎన్ని నవ్వులు! ఆమె పడీపడీ నవ్వుతూ కొంగు తడుముకుంటోంది. ఏడేళ్ళ వయసు దాకా చూపుందట, ఆ రంగులన్నీ గుర్తేనట. ఆ రంగులన్నిటినీ, ఆ నవ్వులన్నిటినీ నేను ‘ఎర్ర చీర’ కింద పూడ్చేశానని అప్పుడు అర్థమైంది.

మర్నాటి నుంచే మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. సేఠ్‌తో చెప్పలేదు. పని నుంచి ఇంటికి రాగానే నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోటో చూపించేదాన్ని. లూమ్ మానేశాక మనిషి ముడుచుకుపోయాడు, ఎవరూ ఏమీ అడగడం లేదని. ఇప్పుడు చూడాలి ఆయన జోరు! “పచ్చ ఏంది బిడ్డా, చింతచిగురు రాయి. చేతికి ఎట్లుంటదో గూడ రాయి. ఇది జారుతది, కుచ్చిళ్ళు నిలవయి. దీని జరీ మెడకాడ గుచ్చుతది, గది ముందుగాల రాయి!” మెడ దగ్గర గుచ్చుతుందని రాస్తే ఎవరు కొంటారు నాన్నా అంటే, అబద్ధం రాస్తామా అని కసిరాడు. నేను తలొంచుకుని రాశాను. రెండు నెలలు పట్టింది. నా జీవితంలో అంత సంతోషమైన రెండు నెలలు లేవు. తప్పు చేసినదానికి అంత సంతోషం ఎలా దక్కిందో నాకు తెలియదు.

అన్నీ రాసి సైటులో పెట్టిన వారానికి సుగుణక్క ఫోన్ చేసింది.

“బిడ్డా, నువ్వు చెప్పినవని ఫోన్ బాగు చేయించిన! ఇప్పుడెంత మంచిగ చదువుతున్నదో! మెడకాడ గుచ్చుతదట, విన్నవా?” అంటూ ఒకటే నవ్వు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? “సంతోషం అక్కా,” అన్నాను. అంతే అన్నాను.

ఇప్పుడు ఆ గల్లీ పెళ్ళిళ్ళన్నిటికీ చీరలు ఎంచేది ఆవిడే. కానీ ఏది తీసుకోవాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తుంది. ఫోన్ నెమలి రంగంటోంది నిజమేనా, ఒకసారి మోసపోయాను దీన్ని నమ్మను, నిన్ను నమ్ముతాను అంటుంది. పనైపోయాక పప్పులో ఉప్పెక్కువైన సంగతి నుంచి పక్కింటివాళ్ళ మేక దాకా అన్నీ చెబుతుంది. ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తాను. ఒక వారం రాకపోతే తోచదు. ఇక అసలు తప్పు వినండి. నిజం చెబితే ఆమె తన ఫోన్‌ను నమ్ముతుంది, నాకు ఫోన్ చేసే అవసరం ఉండదు. ఐదేళ్ళు నా నోరు మూయించింది సేఠ్ భయం కాదు, ఈ ఆశ. ఒక మనిషి తన చెవులను తాను నమ్ముకోకుండా చేసి, ఆ అపనమ్మకం మీద నేను స్నేహం కట్టుకున్నాను.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమించేస్తుంది, నాకు తెలుసు. దానికి నేను తగను. ఇదంతా రాశాక మాత్రం గుండె తేలికైంది, ఆకలి కూడా వేస్తోంది. దీన్ని కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టడం లేదు. అక్షరాలుగానే నెట్‌లో పెడుతున్నాను. ఏ ఫోనైనా చదివి వినిపిస్తుంది. బమ్రోలిలో ఉన్న ఆ ఫోన్ కూడా.

అక్కా, నీ ఫోన్ ఆ రోజు కూడా సరిగ్గానే చదివింది. తప్పు రాసింది నేను.