తెల్లబడ్డ ముక్కలు

టెక్కలి నుంచి మా ఊరొచ్చే బస్సులో నా వాటాకి వచ్చే కిటికీ రేకు ఎప్పుడూ సగంలోనే ఆగేది. ఎండల్లో పైకి పోదు, వానల్లో కిందికి రాదు. ఆ ఆదివారం భావనపాడులో దిగేసరికి నా ఎడమ భుజం తలస్నానం చేసింది. కుడి భుజానికి ఏ ఫిర్యాదూ లేదు.

అప్పట్లో నేను శ్రీకాకుళంలో పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. ప్లాస్టిక్‌ని తినే ఎంజైము మీద పని. తింటుందని కాగితాల మీద రాసేవాళ్ళం గానీ, సీసాని సీసాలా ఇస్తే అది ముట్టేది కాదు. సీసాలో అణువులు బడిపిల్లల్లా వరసలు కట్టి నిలబడతాయి, ఎంజైము దూరడానికి సందుండదు. అందుకని ముందు సీసాని కరిగించి, ఆ వేడి మీదే ఐసునీళ్ళలో పడెయ్యాలి. వరస కట్టే వ్యవధి లేక అణువులు చెల్లాచెదురుగానే గడ్డకడతాయి. ముక్క అద్దంలా మెరుస్తుంది. అప్పుడు ఎంజైము దయచూపిస్తుంది.

కాలేజీ ఫ్రిజ్ ఇచ్చే ఐసు మా గైడుగారి నిమ్మరసానికి సరిపోయేది. మాది చేపల ఇల్లు, అక్కడ ఐసుకి లోటు లేదు. కాబట్టి పెరట్లోనే సీసాలు కరిగించి, చల్లార్చి, అద్దంలాంటి ముక్కలన్నీ వసారాలో పాతవల మీద ఆరబోసి, ఎంజైము సిద్ధం చెయ్యడానికి శ్రీకాకుళం వెళ్ళాను. ఇప్పుడు వాటిని తీసుకెళ్ళాలి. ఆ వారం చివర కమిటీ వస్తోంది. ఈసారీ ఫలితం లేకపోతే ప్రాజెక్టు మూసేద్దామని గైడుగారు చాలా మర్యాదగా చెప్పారు. ఆయన తిట్టినప్పుడు నేనెప్పుడూ ఇంత భయపడలేదు.

వసారాలో వల ఖాళీగా ఉంది. మా వదిన ఎండుచేపలమ్ముతుంది. నన్ను చూడగానే నవ్వుకుంటూ బేసిను తెచ్చి ముందు పెట్టింది.

"సూడు మరిదీ, మల్లిపూలల్లే ఎలా ఉన్నాయో!"

ముక్కలన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి.

"ఏటి చేసినావు వదినా?"

"ముసురు పట్టింది కదా, సెమ్మ దిగనేదు. బూజు పట్టీద్దని మూకుట్లో ఏసి వెచ్చబెట్టీసినాను. నెత్తళ్ళకి సేసినట్టే."

వానల్లో ఎండుచేప మెత్తబడితే మా ఇళ్ళలో చేసే పని అదే. చేపకి అది ప్రాణం పోస్తుంది. నా ముక్కల్లో మాత్రం అణువులు ఆ వేడికి మళ్ళీ బుద్ధిగా వరసలు కట్టేశాయి. తెలుపు దాని గుర్తు.

"ఇప్పుడు వీటిని ఎంజైము తినదు వదినా. గట్టిపడిపోయాయి."

"మెత్తగుంటేనే తింటాదా? మా అత్తకల్లే దానికీ పళ్ళు నేవేటి?"

నేను నవ్వాను. నవ్వు సరిగ్గా రాలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

"పోనీ మళ్ళీ కాసుకో. సీసాలకేటి, ఒడ్డు నిండా ఉన్నాయి."

"ఐసు?"

మా అన్నయ్య గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండా అన్నాడు: "సముద్రం బాగోనేదురా. పడవలే దిగనేదు, ఐసుబండి ఎందుకొస్తాది?"

ఎంజైము తినడానికి రోజులు పడుతుంది; ఆ రోజే ముక్కల్ని అందులో వెయ్యకపోతే కమిటీ వచ్చేనాటికి చూపించడానికేమీ ఉండదు. బేసినులో చెయ్యిపెట్టి కలియబెట్టాను, అడుగునైనా మూకుడు తప్పించుకున్న అద్దం ముక్క ఒకటి దొరుకుతుందేమోనని. వదిన శ్రద్ధగల మనిషి. ఒక్కటీ వదల్లేదు.

"ప్రాజెక్టు పోతే ఏటవుద్దిరా?" అన్నాడు అన్నయ్య.

"గది పోతుంది, ఫెలోషిప్ పోతుంది. ఇంటికొచ్చేస్తాను."

అన్నయ్య పడవలో ఒక మనిషికి చోటుందని ఇంట్లో అందరికీ తెలుసు. నేను పడవెక్కిన రోజు ఏం జరిగిందో కూడా తెలుసు. వదిన బేసిను తన వైపుకి లాక్కుని, ఒక తెల్లముక్కని గోటితో గీకి చూసింది.

"పడవెక్కితే వాంతులు. సదువుకెళ్తే ఇది. మరింక దేనికి పనికొస్తావు మరిదీ నువ్వు?"