నల్ల గీత కింద నా పేరు

పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. కెమెరా ఆపేసి ఏడ్చాను. రెండు నిమిషాల తర్వాత మళ్లీ ఆన్ చేసి నా అప్‌డేట్ చెప్పాను. నేనెలాంటి మనిషినో ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారాయన. అమెరికా కొత్తగా పుట్టిన రోజుల్లో, మతం మీద సర్కారు పెత్తనం వద్దంటూ పల్లెటూరి పాస్టర్లు, రైతులు సొంతంగా అచ్చేసి పంచిన చిన్న పుస్తకాలంటే ఆయనకి ప్రాణం. లైబ్రరీలో వెతికి, తెలుగులోకి మార్చేవారు. తెలుగు టైపింగ్ రాదు కాబట్టి శనివారాలు వాళ్ల వంటింటి బల్ల దగ్గర ఆయన చదివితే నేను టైప్ చేసేదాన్ని. ఇంట్లోనే ప్రింట్ తీసి, మడిచి, స్టేపుల్ కొట్టి, గుళ్లో భోజనాల దగ్గర పంచేవారు. జనం వాటిని పులిహోర ప్లేటు కింద పెట్టుకునేవారు.

"నూనె మరకైనా అంటింది, ఊరికే పోలేదు," అని నవ్వేవారు. "దేవుడికి గుమాస్తాలు అక్కర్లేదమ్మాయ్" అన్నది ఆయన రోజూ అనే మాట.

మొన్న చలికాలంలో తీసిన పుస్తకం చివర, టైప్ చేసినందుకు నా పేరు వేశారు. నలభై కాపీలు తీశాక చూశాను.

"అంకుల్, నా పేరు తీసేయండి ప్లీజ్. నెక్స్ట్ మంత్ వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తున్నా."

"తెలుగులో ఉన్నది ఎవరు చదువుతారమ్మా? మనవాళ్లే చదవట్లేదు."

"సర్కారు పెత్తనం వద్దనే పుస్తకం మీద నా పేరుంటే వీసా వాళ్లు ఏమంటారో. రిస్క్ ఎందుకంకుల్?"

ఆయన వాదించలేదు. "ఆ రోజుల్లో ఇవి రాసినవాళ్లలోనూ కొందరు భయపడి పేరు వేసుకోలేదులే," అన్నారు. కాగితం పారేయడం ఇష్టంలేక, స్కేలు పెట్టి నలభై కాపీల్లోనూ నా పేరు మీద నల్ల గీత గీశారు. నేను పక్కనే కూర్చుని ఆయన పెట్టిన కాఫీ తాగాను.

స్టాంపింగ్ అయింది. ఎవరూ ఏమీ అడగలేదు. తిరిగొచ్చేసరికి ఆయన హాస్పిటల్‌లో ఉన్నారు. సారీ చెబుదామని వెళ్లి, మంచు గురించి మాట్లాడి వచ్చేశాను.

అంత్యక్రియలయ్యాక, ఇక్కడే పుట్టిపెరిగిన వాళ్లమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చింది. "అక్కా, ఇవి ఏం చెయ్యాలి? నాకు తెలుగు చదవడం రాదు. డాడీ ఇవి ఎవరికీ ఇవ్వలేదు. లైట్‌లో పెడితే నీ పేరు కనిపిస్తుంది అని. మళ్లీ ప్రింట్ చేస్తా అన్నారు. దెన్ హాస్పిటల్."

లెక్కపెట్టనక్కర్లేదు, నలభై కాపీలూ ఉన్నాయి. ఆయన చివరి పుస్తకం ఒక్కరి చేతికీ చేరలేదు, నా వల్ల. పంచే ఆయనే లేరు, ఇక చేరదు కూడా. ఓదార్చుకోవడానికి నాకు ఏమీ దొరకడం లేదు.

ఒక కాపీ కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. నిజమే, గీత కింద నా పేరు కనిపిస్తోంది. పక్కన మళ్లీ రాద్దామని పెన్ను తీశాను. గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. పెన్నుకి మూత పెట్టేశాను.

ఈ నాలుగు మాటల కిందా నా పేరు లేదు.